పాత కుట్టు మిషనుకు మోటరు, బ్యాటరీ, సోలార్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ఇళ్ళ వసారాల్లో ఇప్పటికీ తొక్కుడు మిషన్లు కనిపిస్తాయి. కొన్నిటి మీద ఇస్త్రీ బట్టలు పేరుస్తున్నారు, కొన్ని పాత ఇనుముకు పోతున్నాయి. ఈ హెడ్లలో (బల్ల మీద కుట్టే ఇనప భాగం) చాలావాటికి ఏ జబ్బూ లేదు. తొక్కే ఓపిక తగ్గింది, అంతే. మోటరో సోలారో తగిలిస్తే మళ్ళీ పనిలోకి వస్తాయి. ఈ పేజీలో చెప్పేవాటన్నిటికీ ఒక నియమం ఉంది: బిగించిన ప్రతిదీ విప్పడానికి వీలుండాలి, విప్పితే మిషను ఎప్పటిలాగే కాళ్ళతో నడవాలి.

మా అమ్మమ్మ మిషను ఎంత పాతదో ఎలా తెలుసుకోవాలి?

సింగర్ అయితే హెడ్డు కింది పలక మీద, కుడివైపున ఒక నంబరు చెక్కి ఉంటుంది. ముందు ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు. ఆ అక్షరాలను బట్టి తయారైన ఏడాది తెలుస్తుంది. మోడల్ పేరులో 15కె లాగా 'కె' ఉంటే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఊళ్ళో, కిల్‌బౌవీ ఫ్యాక్టరీలో తయారైనది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది కాబట్టి, ఎంత కొత్తదనుకున్నా దాని వయసు నలభై దాటింది. ఉషా అయితే మన దేశంలోదే. కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ 1930ల్లో మొదలుపెట్టింది. ఉషా, రీటా, మెరిట్ లాంటి మన నల్ల హెడ్లలో ఎక్కువ భాగం సింగర్ 15 నమూనావే. సూది, బాబిన్, బాబిన్ కేసు ఒకదానివి ఒకదానికి సరిపోయేది అందుకే.

మోటరు పెట్టడానికి పనికొస్తుందో లేదో ఎలా చూడాలి?

బెల్టు తీసేసి, దారం తీసేసి, చేతి చక్రాన్ని ఒక్క వేలితో తిప్పండి. బరువు లేకుండా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తుంటే మోటరు పెట్టే ముందు కిరోసిన్‌తో కడిగి, మిషను నూనె వేసి, ఒక రాత్రి వదిలేయండి. మళ్ళీ తిప్పండి. చాలావాటికి ఇంతకుమించి వైద్యం అక్కర్లేదు. ఏళ్ళ తరబడి కొబ్బరి నూనె వేసిన మిషన్లే మొండికేస్తాయి. ఆ నూనె లోపల బంకలా గట్టిపడుతుంది. వాటిని రెండు మూడుసార్లు కడగాలి.

బిగుసుకున్న మిషనుకు మోటరు తగిలించి 'అదే వదులవుతుందిలే' అనుకోవద్దు. మోటరు కాలిపోతుంది.

మోటరు కోసం హెడ్డుకు రంధ్రం వేయించాలా?

వద్దు. దయచేసి వద్దు. హెడ్డు పోత ఇనుముతో చేసింది. డ్రిల్లు పెడితే పగులు పారే ప్రమాదం ఉంది, పగిలితే మామూలు వెల్డింగు నిలవదు. చేతి చక్రం పక్కన, హెడ్డు నిలువు స్తంభం వెనకవైపు చిన్న గుబ్బలాంటి చోటు చూడండి. అందులో మర ఉన్న రంధ్రం సిద్ధంగా ఉంటుంది. చేతి హ్యాండిలైనా, మోటరైనా అక్కడే బిగించాలి. కొన్నిట్లో రంగు, మురికి పూడిపోయి రంధ్రం కనిపించదు. గుండుసూదితో గీకి చూడండి. మరీ పాత హెడ్లలో ఆ గుబ్బ ఉండదు. అప్పుడు మోటరును బల్ల చెక్క కింద బిగించి, తొక్కుడు బెల్టు వచ్చే రంధ్రాల గుండానే దాని బెల్టు పైకి తెచ్చుకోవచ్చు. చెక్కకు రంధ్రం పడినా పూడ్చుకోవచ్చు, ఇనుముకు పడితే పూడ్చలేం.

ఎన్ని వాట్ల మోటరు కావాలి? పుల్లీ లెక్క ఏమిటి?

ఇంట్లో జాకెట్లు, లంగాలు, పిల్లల బట్టలు కుట్టడానికి బజారులో దొరికే 70 నుంచి 100 వాట్ల కుట్టు మిషను మోటరు చాలు. ఇక వేగం. మోటరు నిమిషానికి కొట్టే చక్కర్లను మోటరు పుల్లీ (బెల్టు తిరిగే చిన్న చక్రం) వ్యాసంతో గుణించి, చేతి చక్రం గాడి వ్యాసంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని కుట్లు పడతాయో వస్తుంది. ఉదాహరణకు మోటరు బరువు మీద 5,000 చక్కర్లు తిరుగుతుంది, దాని పుల్లీ 15 మిల్లీమీటర్లు, చేతి చక్రం గాడి 75 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు నిమిషానికి 1,000 కుట్లు. ఇంటి హెడ్డుకు అదే పైహద్దు అనుకోండి. నేర్చుకునేవాళ్ళకు 500, 600 దగ్గర ఆగితే బట్ట చేతిలో ఉంటుంది.

మోటరుకు పెద్ద పుల్లీ వేస్తే వేగం పెరుగుతుంది కానీ బలం తగ్గుతుంది. జీన్స్ మడతలు కుట్టేవాళ్ళు చిన్న పుల్లీనే వాడాలి. నాలుగు మడతల దగ్గర మోటరు మూలుగుతుంటే కాలు నొక్కి పెట్టకండి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి దాటించండి.

ఇంట్లో పాత మిక్సీ మోటరు ఉంది. ఫ్యాను మోటరూ ఉంది. పనికొస్తాయా?

అందరూ అడిగే ప్రశ్న ఇది, అందుకే వివరంగా చెబుతాను.

మిక్సీ మోటరు 500 నుంచి 750 వాట్లు. బరువు లేకుండా నిమిషానికి పద్దెనిమిది, ఇరవై వేల చక్కర్లు కొడుతుంది. దాన్ని హెడ్డుకు కట్టి స్విచ్ వేస్తే సూది విరిగి ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. వేలు సూది కింద ఉంటే ఆ బలానికి అది ఆగదు. వాడొద్దు.

టేబుల్ ఫ్యాను మోటరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేగం సరిపోయేలానే ఉంటుంది గానీ, ఆగిన చోటి నుంచి కదిలే బలం దానికి లేదు. రెక్కను తిప్పడానికి చేసిన మోటరు అది. బట్ట మీద సూది దిగగానే ఆగిపోతుంది. పైగా కాలితో వేగం తగ్గించి పెంచే వీలు దానికి లేదు.

వాషింగ్ మెషిన్ మోటరు తిప్పగలదు. కానీ స్విచ్ వేస్తే పూర్తి వేగం, తీస్తే సున్నా. మధ్యలో క్లచ్ లేకుండా కుట్టు పని కాదు. పాత కార్ల వైపర్ మోటరుకు బలం బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ గేర్ల వల్ల నిమిషానికి 40, 60 చక్కర్లకు మించదు.

ఇంట్లో తయారు చేసుకోదలిస్తే నిజంగా పనికొచ్చేది పిల్లల ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల డీసీ మోటరు. దాని వేగం సుమారు 2,700 చక్కర్లు. దానికి 12 వోల్టులే ఇస్తే సగం వేగంతో, శబ్దం లేకుండా తిరుగుతుంది. అంటే 1,350 చక్కర్లు. లేత్ షాపులో 40 మిల్లీమీటర్ల పుల్లీ చేయించి వేస్తే, 75 మిల్లీమీటర్ల చక్రం మీద నిమిషానికి 720 కుట్లు వస్తాయి. ఒకే 12 వోల్టుల బ్యాటరీతో ఇంటి కుట్టు పనంతా సాగుతుంది. వేగం మార్చడానికి డీసీ స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు లేని బ్యాటరీ వైరు ఇంటికి నిప్పు పెట్టగలదు.

మోటరు వెనక్కి తిరుగుతోంది. ప్లగ్ తిప్పి పెట్టినా మారలేదు.

మారదు. కూర్చున్నప్పుడు చేతి చక్రం పైభాగం మన వైపుకు రావాలి, అదే సరైన దిశ. బజారు కుట్టు మోటర్లు కమ్యుటేటర్ (తిరిగే ఇరుసు మీది రాగి పట్టీల చక్రం), కార్బన్లు (ఆ పట్టీలకు రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు) ఉన్న రకం. ప్లగ్ తిప్పితే లోపలి ఫీల్డు (కదలని తీగ చుట్ట), ఆర్మేచర్ (తిరిగే తీగ చుట్ట) రెండిట్లో కరెంటు కలిసి తిరగబడుతుంది, దిశ అలాగే ఉంటుంది. వైండింగ్ షాపులో కార్బన్లకు వెళ్ళే రెండు వైర్లను మాత్రమే ఒకదాని స్థానంలో ఒకటి మార్పించండి. పైన చెప్పిన డీసీ స్కూటర్ మోటరుకైతే బయటి రెండు వైర్లు మారిస్తే చాలు, దాని లోపలివి శాశ్వత అయస్కాంతాలు.

మోటరులో నిప్పు రవ్వలు కనిపిస్తున్నాయి, కాలిన వాసన వస్తోంది.

సన్నటి నీలం రవ్వలు మామూలే. పసుపు రంగులో పెద్ద రవ్వలు వస్తుంటే కార్బన్లు అరిగిపోయాయి, లేదా కమ్యుటేటర్ మీద నల్లటి పొర పట్టింది. కార్బన్లు మార్చాలి, రాగి పట్టీలను సన్నటి గాజు కాగితంతో తుడవాలి. మోటరు లోపల మిషను నూనె వేయడం పెద్ద తప్పు. నూనె, కార్బన్ పొడి కలిసి పట్టీల మధ్య కరెంటుకు దారి వేస్తాయి.

ఆ రాగి పట్టీల మధ్య కరెంటును ఆపేది అభ్రకం రేకు. గూడూరు, సైదాపురం వైపు గనుల్లోంచి తీసిన నెల్లూరు అభ్రకం ఒకప్పుడు దేశదేశాల విద్యుత్ యంత్రాల్లోకి వెళ్ళింది. మన ప్రాంతం మట్టిలోని వస్తువే మోటర్ల గుండెల్లో ఉందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

మిషను ముట్టుకుంటే జిల్లుమంటోంది.

వెంటనే ప్లగ్ పీకండి. పాత మోటర్లకు రెండు పిన్నుల ప్లగ్, రబ్బరు తొడుగు వైర్లు ఉంటాయి. ఆ రబ్బరు ఏళ్ళకు పెళుసెక్కి రాలుతుంది, రాగి తీగ హెడ్డుకు తగులుతుంది. ఇనప హెడ్డు, ఇనప స్టాండు, ఒట్టి కాళ్ళు, తడి గచ్చు. ఇవన్నీ కలిస్తే ప్రాణం పోతుంది. మూడు పిన్నుల ప్లగ్ పెట్టించి, ఎర్త్ వైరును మోటరు బాడీకి, హెడ్డుకు బిగించాలి. ఇంటి మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. మోటరు కొనడానికి డబ్బు ఉండి దీనికి లేకపోతే, మోటరు కొనడం ఆపండి.

కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్‌తో నడుస్తుందా?

నడుస్తుంది. 100 వాట్ల మోటరు తిరుగుతున్నప్పుడు, ఇన్వర్టర్ నష్టం కలుపుకొని 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో సగం వరకే వాడతామనుకున్నా ఆపకుండా ఏడు గంటలు. కుట్టేటప్పుడు కాలు ఎప్పుడూ నొక్కే ఉండదు, బట్ట సర్దుకోవడం, కత్తిరించడం మధ్యలో ఉంటాయి. అందువల్ల ఒక రోజు పని గడిచిపోతుంది. పక్కన ఫ్యాను తిరుగుతుంటే దాని 75 వాట్లు కూడా లెక్కలో వేసుకోవాలి, రోహిణి కార్తెలో ఫ్యాను లేకుండా ఎలాగూ కూర్చోలేం. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతే నిశ్చింత. పాత స్క్వేర్ వేవ్ రకాల మీద ఎలక్ట్రానిక్ ఫుట్ కంట్రోలర్లు (కాలితో నొక్కి వేగం మార్చేవి) జర్కులిస్తాయి, మోటరు కూడా ఎక్కువ వేడెక్కుతుంది.

మేడ మీద సోలార్ పెట్టించాం. అయినా కరెంటు పోతే మిషను ఆగిపోతోంది, ఎందుకు?

పీఎం సూర్యఘర్ లాంటి పథకాల్లో ఎక్కువగా పెట్టేది లైనుకు కలిపిన సోలార్. లైనులో కరెంటు పోగానే అది కూడా కావాలనే ఆగిపోతుంది. లేకపోతే స్తంభం ఎక్కి పని చేసే లైన్‌మన్ మన ఇంటి కరెంటుకే చనిపోతాడు. ఎండ మండిపోతున్నా మిషను తిరగకపోవడానికి కారణం అదే. బ్యాటరీ ఉన్న ఏర్పాటు వేరుగా కావాలి.

మిషనుకు, ఒక ఎల్ఈడీ దీపానికి మాత్రమే అయితే చిన్న ఏర్పాటు చాలు. మన దగ్గర మబ్బు లేని రోజు 100 వాట్ల ప్యానెల్ సుమారు 400 వాట్-గంటలు ఇస్తుంది. మోటరు నికరంగా రెండు గంటలు తిరిగితే, నష్టాలతో కలిపి 250. దీపానికి ఇంకో 60. సరిపోయినట్టే ఉంటుంది. కానీ మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సంక్రాంతి బట్టల పని కూడా అప్పుడే మొదలవుతుంది. అందుకే 200 వాట్ల ప్యానెల్, 20 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్, 100 ఏహెచ్ బ్యాటరీ పెట్టుకోమని నా సలహా. ప్యానెల్‌ను దక్షిణం వైపు, సుమారు 15 డిగ్రీల వాలుతో బిగించండి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము, కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పు గాలి ప్యానెల్ మీద పొరకడతాయి. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు, మంచినీళ్ళతో కడగాలి.

బజారు మోటరును నేరుగా బ్యాటరీల డీసీకి కలపవచ్చా?

కార్బన్లు ఉన్న ఆ మోటరు డీసీ మీద కూడా తిరుగుతుంది. కానీ దానికి 230 వోల్టులు కావాలి, 12 వోల్టులకు కదలదు. అంత డీసీ ఏసీ కన్నా ప్రమాదకరం, స్విచ్‌లలో మంట సాగుతుంది. ఇంకో సంగతి, ఎలక్ట్రానిక్ ఫుట్ కంట్రోలర్ డీసీ మీద ఒకసారి ఆన్ అయితే కాలు తీసినా ఆగదు. ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి.

సైకిల్‌కు డైనమో కట్టి, బ్యాటరీ ఛార్జ్ చేసి, దాంతో కుట్టవచ్చా?

కుట్టవచ్చు గానీ అర్థం లేదు. మనిషి హాయిగా తొక్కితే 50, 60 వాట్లు వస్తాయి. డైనమోలో కొంత, బ్యాటరీలో కొంత, మోటరులో కొంత పోయి సగం కూడా మిగలదు. అదే కాళ్ళు మిషను పెడల్ మీద పెడితే దాదాపు మొత్తం సూదికి చేరుతుంది.

అంటే తొక్కుడు స్టాండు ఉంచుకోవాలా? చోటు ఆక్రమిస్తోంది.

ఉంచుకోవాలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లో ఎన్నో ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. మబ్బుల్లో సోలార్ లేదు, ఇన్వర్టర్ దిగిపోయింది. తొక్కుడు మిషనుకు ఇవేవీ పట్టవు. 1921లో మన పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీగారు, యంత్రాలను అంతగా శంకించిన మనిషి, 1924లో సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. మనిషి చేతిలో, మనిషి అదుపులో ఉండే యంత్రం కాబట్టి. స్టాండును పాత ఇనుముకు వేస్తే వచ్చే డబ్బుతో మళ్ళీ అలాంటి స్టాండు దొరకదు.

తొక్కుడు బెల్టు జారుతోంది. తాడు కట్టవచ్చా?

నైలాన్ తాడు ఇంకా జారుతుంది. తోలు బెల్టు కాలంతో సాగుతుంది, అర అంగుళం కోసి మళ్ళీ కొక్కెం వేయండి. లేదంటే 5 మిల్లీమీటర్ల పాలీయూరిథేన్ గుండ్రటి బెల్టు కొనండి. రెండు కొసలూ వేడి చాకు మీద కరిగించి అతికించేస్తే కొక్కెం కూడా అక్కర్లేదు, టక్ టక్ శబ్దం ఉండదు. కావలసిన పొడవు కన్నా కాస్త తక్కువ కోయాలి, బిగువు దానివల్లే వస్తుంది.

కాళ్ళు పని చేయనివాళ్ళకు ఈ మిషనును ఎలా మార్చాలి?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాయొచ్చు అనిపిస్తుంది. పోలియో వచ్చినవాళ్ళు, ప్రమాదంలో కాలు పోయినవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని సంపాదించుకోగల పని ఇది.

చేతి హ్యాండిల్ అందరికీ ముందు తట్టేది. దానికి ఆకులున్న చేతి చక్రం కావాలి, హ్యాండిల్ వేలు ఆ ఆకుల మధ్య దూరి తిప్పుతుంది. నిండు చక్రం ఉంటే మార్చాలి. కానీ హ్యాండిల్ వల్ల కుడిచేయి తిప్పడానికే పోతుంది, బట్ట పట్టుకోవడానికి ఎడమచేయి ఒక్కటే మిగులుతుంది. నేర్చుకోవడానికి మంచిదే, రోజంతా పనికి కాదు.

రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే మోటరు పెట్టి, ఫుట్ కంట్రోలర్‌ను కాలి నుంచి పైకి తేవాలి. మోకాలు పక్కకు కదిలేవాళ్ళకు బల్ల చెక్క కింద, మోకాలికి తగిలేలా నిలువుగా బిగించండి. కాళ్ళు అసలు కదలకపోతే బల్ల మీద కుడిపక్కన పెట్టి, ఒక చెక్క మీటతో మోచేత్తో నొక్కేలా చేయండి. కంట్రోలర్‌లో నొక్కే పలక కింద చిన్న చెక్క ముక్క అడ్డుపెడితే అది పూర్తిగా నొక్కుకోదు. అనుకోకుండా బరువు పడినా మిషను పరుగెత్తదు. ఈ చెక్క ముక్క మరిచిపోకండి.

చక్రాల కుర్చీకి స్టాండు పెడల్ అడ్డు వస్తుంది. కోయవద్దు. పెడల్ ఇరుపక్కలా ఉన్న బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. బోల్టులను సంచిలో కట్టి స్టాండుకే వేలాడదీయండి. ఎత్తు చాలకపోతే నాలుగు కాళ్ళ కింద చెక్క దిమ్మెలు.

ఇల్లు వరదలో మునిగింది. మిషను పనికొస్తుందా?

హెడ్డు పనికొస్తుంది. మోటరు మాట వేరు. హెడ్డును వెంటనే మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, కిరోసిన్‌తో కడిగి, ప్రతి సందులో నూనె పోసి తిప్పండి. ఆలస్యమైన ప్రతి రోజూ తుప్పు పెరుగుతుంది. మోటరును మాత్రం ప్లగ్‌లో పెట్టి చూడొద్దు. వైండింగ్ షాపులో ఆరబెట్టించి, మెగ్గర్ అనే పరికరంతో ఇన్సులేషన్ కొలిపించాకే కరెంటు ఇవ్వాలి.

అమెరికా నుంచి మా అబ్బాయి సింగర్ మిషను పంపాడు. ప్లగ్ మార్చి వాడుకోవచ్చా?

ముందు మోటరు మీది రాత చూడండి. 110 వోల్టులని ఉంటే 230లో పెట్టిన క్షణాల్లో మాడిపోతుంది. 300 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. 60 హెర్ట్జ్ అని ఉన్నా కంగారు వద్దు, కార్బన్ల మోటరుకు 50, 60 తేడా లేదు.

పెద్ద మోటరు, సర్వో మోటరు అంటున్నారు. ఇంటి మిషనుకు పెట్టవచ్చా?

పెద్ద టైలరింగ్ మిషన్లకు సర్వో మోటరు వరం. పాత క్లచ్ మోటరు మనం కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది. సర్వో కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది. ఇంటి నల్ల హెడ్డుకు పెడితే మాత్రం వేగం పరిమితిని తక్కువలో కట్టేయాలి, లేదంటే లోపలి భాగాలు అరిగిపోతాయి.

ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకోగల చిన్న మార్పులు?

పెద్ద దారం కోనులు వాడటానికి సైకిల్ పుల్లను వంచి బల్ల వెనక నిలబెట్టండి. కోను కింద నుంచి కాదు, నేరుగా పై నుంచి దారం రావాలి, అప్పుడే బిగువు సమంగా ఉంటుంది. పవర్ బ్యాంకుతో వెలిగే 5 వోల్టుల ఎల్ఈడీ పట్టీని హెడ్డు చేయి కింద అంటించండి. ముసలి కళ్ళకు దీన్ని మించిన మార్పు లేదు. కుట్టు వరస తప్పకుండా సూది పలక మీద చిన్న అయస్కాంతం.

టైలర్లకు సర్కారు సాయం ఏదైనా ఉందా?

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో టైలరింగ్ ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు అప్పు ఉన్నాయి. కొత్త మిషను వస్తుంది కదా అని పాతదాన్ని అమ్మేయకండి. ఆ సాయాన్ని ఓవర్‌లాక్ మిషనుకు (బట్ట అంచు పోగులు ఊడకుండా కుట్టేది) వాడుకుంటే పని పెరుగుతుంది.

మోటరు తీసేసి మళ్ళీ తొక్కుడుకు మార్చాలంటే ఎంతసేపు పడుతుంది?

మోటరు బోల్టు ఒకటి విప్పి, దాని బెల్టు తీసి, తొక్కుడు బెల్టును చక్రం గాడిలోకి ఎక్కించడమే. టీ మరిగేలోపు అయిపోతుంది. నిండు చక్రంతో కూడా తొక్కవచ్చు, ఆకుల చక్రమే ఉండాలని లేదు. తొక్కుడు బెల్టును మడిచి డ్రాయరులో పడేస్తే తోలు పగులుతుంది, చుట్టగా చుట్టి గాలి తగిలే చోట వేలాడదీయండి. నెలకొకసారి ఎక్కించి నాలుగు జేబురుమాళ్ళు కుట్టండి. స్టాండు బేరింగులు బిగుసుకోకుండా ఉంటాయి.